చట్టం వెలివేసిన న్యాయమూర్తి

ఢిల్లీలోని పాత పార్లమెంటు భవనంలో సెంట్రల్ హాలు చుట్టూ మూడు మందిరాలు ఉన్నాయి. రెండింటిలో 2023 సెప్టెంబరు దాకా లోక్ సభ, రాజ్యసభ సమావేశమయ్యేవి. మూడవది సంస్థానాధీశుల నరేంద్ర మండలి కోసం కట్టినది. సంస్థానాలు అంతరించిన పిమ్మట అది పార్లమెంటు గ్రంథాలయానికి నెలవైంది. విలేఖరిగా తొలినాళ్ళలో ఆ మందిరంలో పాత చర్చల సంపుటాలు తిరగవేసిన గంటలు ఈ రచయితకు ఇప్పటికీ జ్ఞాపకమే. అయితే ఆ మందిరానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. 1937లో ఏర్పడిన ఫెడరల్ కోర్టు అక్కడే కొలువుదీరింది. 1950 జనవరి 28న సుప్రీంకోర్టు ప్రారంభమైనదీ అక్కడే.

ఆ ఫెడరల్ కోర్టులో 1941 నుంచి 1947 వరకు న్యాయమూర్తిగా ఉన్నవారిలో సర్ మహమ్మద్ జఫ్రుల్లా ఖాన్ ఒకరు. మన దేశంలో ఆయన పేరు తెలిసినవారు ఆయనను కాశ్మీరు వివాదంలో అవతలి పక్షపు వకీలుగానే ఎరుగుదురు. అది నిజమే కాని, అంతకంటె గొప్ప పాఠం ఒకటి ఆయన జీవితంలో దాగి ఉన్నది. మనిషి తన మతాన్ని మార్చుకొనే హక్కును ప్రపంచ వేదిక మీద సమర్థించిన ఆయన మతమేదో చివరకు ఆయన దేశపు పార్లమెంటే తీర్మానించింది.

సియాల్ కోట నుంచి ఢిల్లీకి

జఫ్రుల్లా ఖాన్ 1893 ఫిబ్రవరి 6న పంజాబులోని సియాల్ కోటలో జన్మించారు. తండ్రి నస్రుల్లా ఖాన్ అక్కడ పేరుపొందిన వకీలు. కవి ఇక్బాల్ పుట్టిన ఊరు కూడా అదే. గురుదాస్ పూర్ జిల్లాలోని ఖాదియాన్ లో మీర్జా గులాం అహ్మద్ 1889లో స్థాపించిన అహ్మదీయ శాఖలో ఈ కుటుంబం చేరింది. తాము ముస్లిములమేనని, ఖురానే తమకు ప్రమాణమని ఆ శాఖవారి మాట. మహమ్మద్ ప్రవక్తయే చివరి ప్రవక్త అన్న మూల విశ్వాసానికి గులాం అహ్మద్ బోధ విరుద్ధమని ఇతర ముస్లిం పండితుల ఆక్షేపణ. ఈ తగవులో సత్యాసత్యాలు తేల్చడం ఈ కాలమ్ పని కాదు. అది ఏ ప్రభుత్వపు పని అయినా అవునా కాదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

లాహోరు ప్రభుత్వ కళాశాలలోను, లండన్ లోని కింగ్స్ కళాశాలలోను చదివి, లింకన్స్ ఇన్ నుంచి బారిస్టరై 1914లో ఆయన తిరిగివచ్చారు. వకీలుగా ఆయన తొలి పెద్ద వ్యాజ్యాలలో ఒకటి తన శాఖవారిదే. బీహారులోని ముంగేరులో అహ్మదీయులు మసీదులో ప్రార్థన చేయరాదని తక్కినవారు అడ్డగించగా, ఆ వివాదం పాట్నా హైకోర్టుకెక్కింది. వారి పక్షాన వాదించడానికి యువకుడైన జఫ్రుల్లా ఖాన్ పాట్నా వెళ్ళారు. అహ్మదీయులు ముస్లిములేనని, మసీదులో ప్రార్థన చేసే హక్కు వారికున్నదని, అయితే వేరే ఇమాము వెనుక వేరుగా జమాతు కట్టే హక్కు లేదని కోర్టు తీర్పు చెప్పింది. ఆనాడు మన ఆంధ్ర జిల్లాల వ్యాజ్యాలను కూడా విచారించే మద్రాసు హైకోర్టు 1922లో మలబారు నుంచి వచ్చిన ఒక కేసులో అదే దారి తొక్కింది. భర్త అహ్మదీయుడైనంత మాత్రాన మతభ్రష్టుడు కాడనీ, వివాహం రద్దు కాదనీ తేల్చింది. పరాయి పాలకుల కోర్టులు ఆ విధంగా ఒక చిన్న శాఖకు నీడనిచ్చాయి. చట్టం మీద జఫ్రుల్లా ఖాన్ కు జీవితాంతం నిలిచిన నమ్మకానికి పునాది ఇక్కడే పడిందని ఊహించవచ్చు.

1926లో పంజాబు శాసనమండలి, ఆపైన రౌండు టేబులు సమావేశాలు, 1935లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యత్వం - ఒక్కొక్క మెట్టే ఎక్కారు. ఎక్కిన ప్రతి మెట్టు మీదా ఆయన మతం గురించిన ప్రశ్న ఎదురవుతూనే వచ్చింది. 1931 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ముస్లిం లీగు మహాసభకు అధ్యక్షుడుగా ఆయనను ఎన్నుకొన్నప్పుడు నగరంలో నిరసనలు చెలరేగి, సభను ఒక ప్రైవేటు గృహంలో జరపవలసి వచ్చింది. అహ్మదీయులను ముస్లిములనుంచి వేరైన మతంగా ప్రకటించాలని 1935లో ఇక్బాల్ ప్రభుత్వాన్ని కోరారు. జైల్లో ఉన్న జవహర్ లాల్ నెహ్రూ కలకత్తా మోడరన్ రివ్యూ పత్రికలో దానిని ప్రశ్నిస్తూ వ్యాసాలు రాశారు. ఇక్బాల్ జవాబిచ్చారు. తరువాతి అర్ధశతాబ్దిలో పాకిస్తాన్ ను కుదిపివేసిన వాదమంతా బీజరూపంలో ఆ ఉత్తర ప్రత్యుత్తరాలలోనే ఉన్నది.

న్యాయమూర్తిగా ఆయన ధైర్యానికి ఒక ఉదాహరణ చాలు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో వేలాదిమందిని విచారణ లేకుండా నిర్బంధించిన భారత రక్షణ నిబంధన చెల్లదని 1943 ఏప్రిల్ లో కేశవ్ తల్పాడే కేసులో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయర్, మద్రాసుకు చెందిన వరదాచారి, జఫ్రుల్లా ఖాన్ - ఈ ముగ్గురిదీ ఆ ధర్మాసనం. ప్రభుత్వం వెంటనే ఆర్డినెన్సు తెచ్చి నిర్బంధాలను కాపాడుకొన్నది. అది వేరే సంగతి.

సరిహద్దు గీత

1947 జూన్ లో ఆయన ఆ పదవి వదిలి వెళ్ళారు. జూలైలో లాహోరులో పంజాబు సరిహద్దు సంఘం ఎదుట ముస్లిం లీగు పక్షాన వాదించినది ఆయనే. కాంగ్రెసు పక్షాన సెతల్వాడ్ వాదించారు. రాడ్ క్లిఫ్ గీసిన గీత గురుదాస్ పూర్ జిల్లాలోని నాలుగు తహసీళ్ళలో మూడింటిని భారత్ కు ఇచ్చింది. వాటితో పాటు ఖాదియాన్ కూడా ఇటే ఉండిపోయింది. పాకిస్తాన్ కోసం వాదించిన వకీలు తన శాఖ పుట్టిన ఊరినే పోగొట్టుకొన్నారు. మరుసటి సంవత్సరం చినాబు నది ఒడ్డున రబ్వా అనే కొత్త ఊరు కట్టుకొని అహ్మదీయులు తమ కేంద్రాన్ని అక్కడికి మార్చారు.

1947 డిసెంబరులో ఆయన పాకిస్తాన్ విదేశాంగ మంత్రి అయ్యారు. మరుసటి నెలలోనే భద్రతా సమితిలో కాశ్మీరు వివాదం వచ్చింది. గోపాలస్వామి అయ్యంగార్ మన వాదం వినిపించగా, జఫ్రుల్లా ఖాన్ గంటల తరబడి జవాబు చెప్పి, భారత్ ఫిర్యాదును ఇరుపక్షాల వివాదంగా మార్చివేశారు. మనకు అది చేదు జ్ఞాపకమే. ఆ చేదు వల్లనే కాబోలు, అదే సంవత్సరం చివర ఆయన చేసిన మరొక పనిని మనవారు పట్టించుకోలేదు.

1948 సెప్టెంబరులో జిన్నా మరణించారు. జనాజా నమాజు నడిపినది మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ. అహ్మదీయులను మతభ్రష్టులుగా నిరసించిన పండితుడాయన. విదేశాంగ మంత్రి ఆ నమాజులో చేరలేదు. ఎవరి వెనుక ప్రార్థన చేయాలన్నది తన అంతరాత్మకు సంబంధించిన విషయమని ఆయన భావించి ఉండవచ్చు. అయితే ఆయన ప్రత్యర్థులు దానిని మరువలేదు.

పారిస్ లో ఒక మాట, కరాచీలో ఒక మాట

1948 డిసెంబరు 10న పారిస్ లో ఐక్యరాజ్య సమితి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని 18వ అధికరణం మత స్వాతంత్ర్యాన్ని, మతం మార్చుకొనే హక్కును కూడా గుర్తించింది. ఆ చివరి భాగానికి సౌదీ అరేబియా ప్రతినిధి తీవ్ర అభ్యంతరం తెలిపారు. ముస్లిం దేశాల తరపున అందరూ ఆ అభ్యంతరాన్నే వినిపిస్తారనుకొన్న వేళ జఫ్రుల్లా ఖాన్ లేచి, ఇస్లాం ప్రచార మతమనీ, ఇతరులు తన మతంలోకి రావాలని కోరే మతం తననుంచి వెళ్ళే స్వేచ్ఛను కాదనజాలదనీ, విశ్వాసంలో బలవంతానికి ఖురాన్ చోటివ్వదనీ వాదించారు. ప్రకటనకు 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేక ఓటు లేదు. తటస్థ దేశాలలో సౌదీ అరేబియా ఉన్నది, పాకిస్తాన్ లేదు. సరిగా ఆ వారంలోనే, డిసెంబరు 6న, ఢిల్లీలో మన రాజ్యాంగ సభ మతాన్ని స్వేచ్ఛగా అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకొనే హక్కును చర్చించి ఆమోదించింది. రెండు దేశాలు అప్పటికింకా ఒకే దిశలో నడుస్తున్నట్లే కనిపించాయి.

మూడు నెలలు గడిచాయి. 1949 మార్చి 7న కరాచీలో ప్రధాని లియాకత్ అలీ ఖాన్ పాకిస్తాన్ రాజ్యాంగ సభలో లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. సార్వభౌమాధికారం అల్లాదని, ఆయన విధించిన హద్దులలో ప్రజా ప్రతినిధులు దానిని వినియోగిస్తారని, ముస్లిములు ఖురాన్, సున్నాల ప్రకారం జీవితాన్ని తీర్చిదిద్దుకొనేందుకు వీలు కల్పించబడుతుందని అందులో ఉన్నది. మైనారిటీలు తమ మతాన్ని స్వేచ్ఛగా అవలంబించే ఏర్పాటు కూడా అందులోనే ఉన్నది. మతం రాజ్యానికి సంబంధించిన వ్యవహారం కాదని 1947 ఆగస్టు 11న అదే సభలో జిన్నా చెప్పి రెండేళ్ళు నిండలేదు.

తూర్పు బెంగాలు నుంచి వచ్చిన హిందూ సభ్యులు శ్రీశ చంద్ర చటోపాధ్యాయ నాయకత్వాన ఆ తీర్మానాన్ని ఎదిరించారు. దేవుడు విధించిన హద్దులేవో నిర్ణయించేవారెవరని అడిగారు. రేపు ఎవడో అధికార కాంక్షాపరుడు వచ్చి తానే దేవుడు నియమించిన పాలకుణ్ణని చెప్పుకొంటే గతేమని ఒక సభ్యుడు హెచ్చరించారు. వారి సవరణలన్నీ వీగిపోయాయి. తీర్మానాన్ని సమర్థిస్తూ మాట్లాడినవారిలో జఫ్రుల్లా ఖాన్ ఉన్నారు. ఆయనకు తెలిసిన ఇస్లాం ఉదారమైనది, పారిస్ లో ఆయన వివరించినది. ఆ ఇస్లామే రాజ్యాన్ని నడిపిస్తుందని ఆయన నమ్మారు. జనాజా నమాజు నడిపిన ఉస్మానీ కూడా అదే తీర్మానాన్ని సమర్థించారు. ఇద్దరి మనసులలోని ఇస్లాం ఒకటి కాదన్న సంగతి ఆనాడు సభలో ఎవరూ ఎత్తలేదు. తీర్మానం మార్చి 12న ఆమోదం పొందింది. మన రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 17న పీఠికను దేవుని పేరుతో ప్రారంభించాలని కామత్ ప్రతిపాదించగా, 41 మంది అనుకూలించి, 68 మంది వ్యతిరేకించారు. అలా వ్యతిరేకించినవారిలో ఆస్తికులకు కొదవలేదు.

జఫ్రుల్లా ఖాన్ చేసిన పొరపాటు ఏమిటో ఇక్కడే చూడాలి. ఆయన మతవాది కాడు, దురుద్దేశమూ లేదు. మతానికి మంచి వ్యాఖ్యానం ఉంటే చాలుననుకొన్నారు. వ్యాఖ్యానించే అధికారమే రాజ్యం చేతికి ఇవ్వరాదని హిందూ సభ్యులు చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు. ఆ రోజున ఆయన మెజారిటీ బెంచీలలో కూర్చున్నారు. మైనారిటీ అన్న మాట తనకూ వర్తించే రోజు వస్తుందని ఆయన తలచి ఉండరు.

లాహోరు మంటలు

ఆ రోజు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1952 మేలో కరాచీలో అహ్మదీయుల బహిరంగ సభలో ప్రసంగించవద్దని ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్ అభిప్రాయపడినా, జఫ్రుల్లా ఖాన్ వెళ్ళి మాట్లాడారు. అల్లర్లు జరిగాయి. 1953 జనవరిలో ఉలేమాలు ప్రభుత్వానికి గడువు పెట్టారు. అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించాలి, విదేశాంగ మంత్రిని తొలగించాలి, కీలక పదవులనుంచి ఆ శాఖవారిని తీసివేయాలి - ఇవీ కోరికలు. నజీముద్దీన్ నిరాకరించారు. పంజాబు భగ్గుమన్నది. మార్చి 6న లాహోరులో సైనిక శాసనం విధించారు. పాకిస్తాన్ చరిత్రలో అది మొదటిది. సైన్యం వీధిలోకి వచ్చిన మొదటిసారి ఒక మత నిర్వచనం కోసం వచ్చిందన్న మాట గుర్తుంచుకోదగినది.

ఈ అల్లర్లపై విచారణ జరిపిన న్యాయమూర్తులు మునీర్, కయానీ 1954లో నివేదిక సమర్పించారు. ముస్లిం అంటే ఎవరో నిర్వచించండని వారు ఉలేమాలను ఒక్కొక్కరినే అడిగారు. ఏ ఇద్దరి నిర్వచనమూ ఒకటి కాలేదు. ఒకరి నిర్వచనాన్ని అంగీకరిస్తే తక్కినవారందరూ మతం వెలుపలికి పోవలసి వస్తుందని న్యాయమూర్తులు తేల్చారు. ఉపఖండంలో మత, రాజ్య సంబంధాల మీద వెలువడిన పత్రాలలో ఇంతకంటె నిర్మొహమాటమైనది అరుదు.

1954 అక్టోబరులో జఫ్రుల్లా ఖాన్ మంత్రి పదవి వదిలి హేగ్ లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళారు. మన రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు మరణంతో ఖాళీ అయిన స్థానమది. తరువాత 1962లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షుడయ్యారు. 1970 నుంచి 1973 వరకు అంతర్జాతీయ న్యాయస్థానానికి అధ్యక్షత వహించారు. ఈ రెండు పదవులూ నిర్వహించిన వ్యక్తి ఆయన ఒక్కరే. నమీబియాలో దక్షిణాఫ్రికా ఉనికి చట్టవిరుద్ధమని 1971 జూన్ లో ఆ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయం ఆయన అధ్యక్షతన వచ్చినదే. 1967లో హజ్ యాత్ర చేశారు. ఖురాన్ కు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 1971లో లండన్ లో వెలువడింది. పదవీ విరమణ తరువాత లండన్ లో తమ శాఖ మసీదు ఆవరణలో నిరాడంబరంగా జీవించారు.

పార్లమెంటు తీర్పు

1974 మేలో రబ్వా రైల్వే స్టేషనులో వైద్య విద్యార్థులతో జరిగిన ఘర్షణ దేశమంతటా అల్లర్లకు దారితీసింది. జుల్ఫికర్ అలీ భుట్టో ప్రభుత్వం ఈసారి నజీముద్దీన్ వలె నిలవలేదు. జాతీయ అసెంబ్లీ సభ్యులందరూ ఒక కమిటీగా మారి, తలుపులు మూసుకొని, అహ్మదీయ శాఖాధిపతిని రోజుల తరబడి ప్రశ్నించారు. 1974 సెప్టెంబరు 7న రాజ్యాంగానికి రెండవ సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అహ్మదీయులు రాజ్యాంగ, చట్ట ప్రయోజనాల దృష్ట్యా ముస్లిములు కారని తేలింది. మునీర్ నివేదికలో ఉలేమాలు తేల్చలేని నిర్వచనాన్ని శాసనసభ్యులు చేతులెత్తి తేల్చివేశారు. ఇది నియంత చేసిన పని కాదు. ఎన్నికైన సభ చేసినది. ప్రజాస్వామ్యం ఉంటే చాలు, మత స్వాతంత్ర్యం దానంతట అదే ఉంటుందనుకొనేవారు ఈ తేదీని జ్ఞాపకం పెట్టుకోవాలి.

నియంత వంతు పదేళ్ళకు వచ్చింది. 1984 ఏప్రిల్ 26న జనరల్ జియా ఉల్ హక్ 20వ ఆర్డినెన్సు జారీచేశారు. అహ్మదీయులు తమ ప్రార్థనా మందిరాన్ని మసీదు అన్నా, అజాన్ పిలిచినా, తాము ముస్లిములమని చెప్పుకొన్నా మూడేళ్ళ దాకా ఖైదు. శాఖాధిపతి లండన్ కు తరలిపోయారు. జఫ్రుల్లా ఖాన్ అంతకు ముందే, 1983 చివర, లండన్ నుంచి లాహోరుకు తిరిగి వచ్చి ఉన్నారు. తొంభై ఏళ్ళు దాటిన ఆ వృద్ధుడు తన విశ్వాసం పేరు నోరారా చెబితే నేరస్థుడయ్యే చట్టం కింద చివరి పదహారు నెలలు గడిపారు.

1985 మార్చిలో జియా లక్ష్యాల తీర్మానాన్ని రాజ్యాంగంలో అమలుచేయదగిన భాగంగా చేర్చారు. అలా చేర్చిన పాఠంలో ఒక మాట తగ్గింది. మైనారిటీలు తమ మతాన్ని స్వేచ్ఛగా అవలంబించే ఏర్పాటు అన్న చోట స్వేచ్ఛగా అన్న మాట లేదు. 1949లో జఫ్రుల్లా ఖాన్ ను ఆ తీర్మానం వైపు ఆకర్షించిన హామీ అదే అయివుంటుంది. 2010లో 18వ సవరణ దాకా ఆ మాట తిరిగి దాని చోటికి రాలేదు. 1985 సెప్టెంబరు 1న ఆయన లాహోరులో కన్నుమూశారు. రబ్వాలో ఖననం చేశారు. 20వ ఆర్డినెన్సు చెల్లుతుందని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1993లో మెజారిటీ తీర్పు ఇచ్చింది. వర్తకుల ట్రేడ్ మార్కులను చట్టం కాపాడినట్లే మత పదజాలాన్నీ కాపాడవచ్చునన్నది అందులోని వాదాలలో ఒకటి. రబ్వాలోనే సమాధి అయిన నోబెల్ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ శిలాఫలకం మీద ముస్లిం అన్న మాటను చెరిపివేశారు.

మన ఇంటి సంగతి

ఇదంతా పొరుగింటి గొడవ అని తీసివేయడానికి వీలులేదు. మన కోర్టులు పాట్నా, మద్రాసు దారినే నడిచాయి. 1970లో కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ అహ్మదీయులు ముస్లిములేనని తీర్పు చెప్పారు. అయినా 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు అహ్మదీయులు ముస్లిములు కారని తీర్మానించగా, హైకోర్టు దానిని తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు మళ్ళీ అదే మాట అన్నది. ఒకరి మతమేదో నిర్ణయించే అధికారం వక్ఫ్ బోర్డుకు లేదని ఆ జూలైలో కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి లేఖ రాసింది. లేఖ సరైనదే. కాని అదే సూత్రం ఢిల్లీకి కూడా వర్తించాలి. ఎవరు ఏ మతస్థులో, ఎవరు ఏ మతంలోకి మారవచ్చునో అధికారి ముద్రతో తేల్చే చట్టాలు మన రాష్ట్రాలలో ఎన్ని ఉన్నవో పాఠకులకు తెలియనిది కాదు.

జఫ్రుల్లా ఖాన్ పాకిస్తాన్ కు చేసిన సేవ చిన్నది కాదు. ఆయన మేధ మీద ఎవరికీ సందేహం లేదు. చట్టాన్ని ఆయన అంతగా ఎరిగినవారు ఆ సభలో మరొకరు ఉండరేమో. ఆ తీర్మానాన్ని ఎదిరించిన సభ్యులు న్యాయశాస్త్రంలో ఆయనకంటె గొప్పవారు కారు. వారు మైనారిటీలు, అంతే. అధికారం ఎవరి మీద ప్రయోగింపబడుతుందో వారికి ముందే తెలుసు. 1949 మార్చిలో ఆ సభ్యులు అడిగిన ప్రశ్న, హద్దులు నిర్ణయించేవారెవరన్న ప్రశ్న, మన చట్టసభలలో మతానికి సంబంధించిన బిల్లు వచ్చినప్పుడల్లా అడగవలసినది. అడిగేవారు ప్రతిపక్షంలోనే కాక, అధికార పక్షంలో కూడా ఉండాలి.